చలికాలపు పూలు, గట్టు మొక్కలు: మీ ప్రశ్నలకు జవాబులు

సంక్రాంతి నుంచి హోలీ దాకా మాకొచ్చే ఉత్తరాల్లో సగం "ఇదేం మొక్కో చెప్పండి" అనేవే. పువ్వు ఫోటో ఒక్కటే పంపితే చాలాసార్లు తేల్చి చెప్పడం కుదరదు. ఆకు ముందు వైపూ వెనుక వైపూ ఎలా ఉందో, కాండం తుంచితే పాలు కారాయో నీళ్ళు కారాయో, మొక్క తడి మడిలో మొలిచిందో ఎండు గట్టున మొలిచిందో రాయండి. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి బంచరాయిలో మోదుగులు ఫిబ్రవరి మొదట్లోనే విరగబూశాయి. హోలీకి ఇంకా చాలా రోజులుంది. వాతావరణం మారిపోయిందనుకోవాలా? ఈ పూలతో రంగు చేసి దాచుకోవచ్చా? కొలతలతో చెప్పండి. (ఆదిలాబాద్ జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: ముందు పంచాంగం సంగతి చూద్దాం. హోలీ 2023లో మార్చి 8న వస్తే 2024లో మార్చి 25న వచ్చింది. మధ్యలో అధిక శ్రావణం పడింది. మోదుగు చెట్టుకు అధికమాసంతో పని లేదు. అది ఎప్పటిలాగే పూస్తుంది, పండగే వెనక్కి జరుగుతుంది. పూత ముందుకొచ్చిందా లేదా తేల్చాలంటే ఒకే చెట్టుకు తొలి పువ్వు విచ్చిన ఇంగ్లిషు తేదీని ఏటా రాసిపెట్టుకోవాలి. మీ బడి పిల్లలతో ఈ పని చేయించవచ్చు. చెట్టుకు సున్నంతో గుర్తు పెట్టి, తేదీ, ఆ రోజుకు ఆకు ఎంత మిగిలిందో రాయిస్తే చాలు. నాలుగైదేళ్ళు రాస్తే గానీ ఏమీ చెప్పలేం.

అసలు మోదుగు పూచేది వసంతంలో కాదు, శిశిరంలోనే. జనవరి చివర మొదలై మార్చి దాకా సాగుతుంది. నేల ఆరే కొద్దీ చెట్టు ఆకు రాలుస్తుంది. ఆకు పోయాక ఆవిరై పోయే నీరు తగ్గుతుంది, లోతైన వేరు లాగిన తడి కొమ్మల్లో నిలిచి మొగ్గను విప్పుతుంది. అందుకే నవంబరులో తుపాను వానలు పడిన ఏడు ఆకు చాలాకాలం నిలిచి పూత ఆలస్యమవుతుంది. వానలు ముందే ఆగిపోయిన ఏడు తొందరగా వస్తుంది. చెరువు కట్ట మీద చెట్టుకూ రాళ్ళ గుట్ట మీద చెట్టుకూ రెండు మూడు వారాల తేడా కనిపించడం మామూలే.

ఇక రంగు. చెట్టెక్కి కొమ్మలు విరవకండి, పొద్దున్నే రాలిన పూలు ఏరుకుంటే సరిపోతుంది. పువ్వు కింద నల్లటి మఖమలు గుడ్డలాంటి తొడిమ గిన్నె ఉంటుంది. దాన్ని తప్పకుండా తీసేయాలి. అది కలిస్తే రంగు బురదలా మసకబారుతుంది. చాలామందికి రంగు సరిగా రాకపోవడానికి ఇదే కారణం. నారింజ రేకలు మాత్రమే నీడలో పలుచగా పరిచి, గలగలలాడేదాకా ఆరబెట్టండి. ఎండలో ఆరబెడితే వెలుస్తాయి. 100 గ్రాముల ఎండు రేకలకు 2 లీటర్ల నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు సన్నని సెగ మీద అరగంట ఉడికించి, పాత పంచెతో వడకట్టండి. ఇనుప మూకుడు వద్దు, రంగు నల్లబడుతుంది. స్టీలు గిన్నె గానీ మట్టి కుండ గానీ వాడండి.

వచ్చేది పసుపు కలిసిన నారింజ. చిటికెడు సున్నం వేస్తే ఎర్రనారింజలోకి తిరుగుతుంది. అయితే ఒంటి మీద చల్లుకునే నీళ్ళలో సున్నం వేయొద్దు, కళ్ళలో పడితే ప్రమాదం. ఈ నీళ్ళు రెండు రోజులు దాటితే పులుస్తాయి. దాచుకోవాలంటే ఎండు రేకలుగానే గాలి చొరని డబ్బాలో దాచి, వాడే ముందు రోజు ఉడికించుకోండి. పొడి రంగు కావాలంటే ఆ నీటిని సగానికి ఇగిరించి, బియ్యప్పిండిలో తడిపొడిగా కలిపి నీడలో ఆరబెట్టి జల్లించండి.

నూలు గుడ్డకు వేయాలంటే 100 గ్రాముల గుడ్డకు 20 గ్రాముల కరక్కాయ పొడి నీళ్ళలో ఒక పూట నానబెట్టి, పిండి ఆరేసి, తర్వాత 15 గ్రాముల పటిక కరిగించిన నీటిలో మరో పూట ఉంచి, అప్పుడు రంగులో వేయండి. పటిక లేకుండా వేస్తే మొదటి ఉతుకుకే పోతుంది. పటిక వేసినా ఎండకు మాత్రం ఆగదు. జెండాలకూ కిటికీ తెరలకూ ఈ రంగు పనికిరాదు.

మొక్కలు పెంచాలనుకుంటే మే, జూన్‌లలో పలచటి కాయల కొసన ఉండే ఒక్కొక్క గింజను ఏరి, ఆలస్యం చేయకుండా లోతైన సంచుల్లో వేయండి. తల్లివేరు త్వరగా దిగుతుంది కాబట్టి అదే వానాకాలంలో నేలలో నాటేయాలి. ఏడాది సంచిలో ఉంచితే వేరు చుట్టుకుని మొక్క గిడసబారిపోతుంది. చౌడు నేలనైనా ఓర్చుకుంటుంది. పూతకు మాత్రం ఏళ్ళు పడుతుంది, ఓపిక ఉన్నవాళ్ళే వేయండి.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఫిబ్రవరిలో ఆకుల్లేని చెట్టుకు అరచేయంత పసుపు పూలు చూశాం. మా వాళ్ళు బూరుగ అంటున్నారు. నిజమేనా? (మార్కాపురం)

జవాబు: కాదు, అది కొండగోగు. బూరుగ పూలు ఎర్రగా, రేకలు తోలులా మందంగా ఉంటాయి, లేత చెట్టు మానుకు శంకు ఆకారపు ముళ్ళుంటాయి. కొండగోగు మానుకు ముళ్ళుండవు. రేకలు పలుచన, ముట్టుకుంటే నలుగుతాయి, మధ్యలో గుత్తుగా పసుపు కేసరాలుంటాయి. నీరు నిలవని రాతి వాలుల్లోనే బాగుంటుంది. ఇంటి ముందు నల్లరేగడిలో వేసి నీళ్ళు పోస్తే కుళ్ళిపోతుంది. రెండింటి కాయల్లోనూ దూది ఉంటుంది, గందరగోళమంతా అక్కడే.

ప్రశ్న: మా మామిడి తోటలో కొన్ని చెట్ల కొమ్మల మీద సన్న గొట్టాల్లాంటి నారింజ ఎరుపు పూలు గుత్తులుగా వచ్చాయి. చూడటానికి అందంగా ఉన్నాయి కానీ ఆ కొమ్మలకు మామిడి పూత లేదు. లాగేస్తే మళ్ళీ వస్తోంది. ఏం చేయాలి? (జగిత్యాల జిల్లా రైతు)

జవాబు: అది బదనిక. పూలు చూసి మురిసిపోయేది కాదు. ఇది మామిడి కొమ్మలోకి వేరు దించి నీటినీ లవణాలనూ లాక్కుంటుంది. సొంత ఆకులున్నాయి కాబట్టి పిండి పదార్థం తనే చేసుకుంటుంది, నీళ్ళు మాత్రం మీ చెట్టువి. అందుకే అది కూర్చున్న చోటు నుంచి కొస దాకా మామిడి కొమ్మ సన్నబడి, చివరికి ఎండుతుంది. చలికాలంలోనే పూయడం ఒక విధంగా మన అదృష్టం. ఏడాదంతా మామిడి ఆకుల్లో కలిసిపోయి దాక్కునేది ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తుంది. చింత, సపోటా, కానుగ, జామల మీదా చూడండి.

దగ్గరగా గమనిస్తే ఆకులు మామిడి ఆకుల కంటే మందంగా, పొట్టిగా, బూడిద ఆకుపచ్చగా ఉంటాయి. అతుకు దగ్గర కొమ్మ ముడిలా ఉబ్బి ఉంటుంది. అక్కడి నుంచి తీగలాంటి వేర్లు కొమ్మ బెరడు మీదే పాకుతూ, మధ్యమధ్య మళ్ళీ లోపలికి దిగుతాయి. మీరు లాగేసినప్పుడు పైమొక్క వచ్చింది, ఈ పాకుడు వేర్లు మిగిలిపోయాయి. మళ్ళీ చిగురిస్తున్నది వాటి నుంచే.

చేయాల్సింది ఇది. పాకుడు వేరు ఎక్కడిదాకా వచ్చిందో చూసి, దాని చివరి అతుకుకు కనీసం ఒక అడుగు కిందికి మామిడి కొమ్మనే కోసేయండి. పెద్ద కొమ్మ అయితే ముందు కింది నుంచి మూడో వంతు కోసి తర్వాత పైనుంచి కోయండి, లేకపోతే బెరడు చీలి మాను దాకా వస్తుంది. మాను మీదే ఉంటే కోయలేం కాబట్టి, ఉబ్బిన భాగాన్ని ఉలితో పచ్చి చెక్క కనిపించేదాకా చెక్కేయాలి. కోత పడిన చోటల్లా బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి, రెండూ ఒకేసారి మూడో ప్లాస్టిక్ బకెట్‌లో పోస్తూ కలపాలి. ఇనుప బకెట్ వాడకూడదు. మెరిసే ఇనుప కత్తిని అందులో నిమిషం ముంచి తీయండి. రాగి రంగు పూత పట్టిందంటే సున్నం చాలలేదని, ఇంకొంచెం కలపండి. కలిపింది ఆ రోజే వాడేయాలి.

సమయం ముఖ్యం. పూల తర్వాత వచ్చే చిన్న కాయలు పండాయంటే పని మొదటికొస్తుంది. పూలగువ్వ అనే బుల్లి పిట్ట వాటిని తిని, జిగురుతో ఉన్న గింజను పక్క కొమ్మకు అంటించి పోతుంది. ఒక్క చెట్టు వదిలేస్తే చాలు, పక్క తోటలకూ పాకుతుంది. మామిడి కోతయ్యాక చేద్దామని చాలామంది వాయిదా వేస్తారు, అప్పటికి గింజలు చేరాల్సిన చోటికి చేరిపోతాయి. పూత మీద ఉన్న చెట్టును కోయడం ఇష్టం లేకపోతే, ఇప్పటికి బదనిక పూల గుత్తులనైనా తుంచేసి, అసలు కోత జూన్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: బంగినపల్లికి డిసెంబరు మొదటి వారంలోనే పూత వచ్చింది. ఉంచాలా, తుంచాలా? (నూజివీడు)

జవాబు: చెట్టు వయసు నాలుగేళ్ళ లోపైతే ఆలోచించక్కర్లేదు, పూత మొత్తం తుంచేయండి. కాపు చెట్టయితే, చెట్టు మీద పదో వంతో, ఐదో వంతో మాత్రమే ముందొచ్చి మిగతా కొమ్మలు నిద్రలో ఉంటే వదిలేయండి. చెట్టు మొత్తం ఒకేసారి పూసి, గెలలు ఇంకా వేలెడంత పొడవే ఉంటే, మొదలు దగ్గర తుంచవచ్చు. రాత్రి చలి ఇంకా కొన్ని వారాలు ఉంటుంది కాబట్టి పక్క మొగ్గల నుంచి జనవరిలో మళ్ళీ పూత వస్తుంది. జనవరి రెండో వారం దాటాక ఈ పని చేయొద్దు, పూతకు బదులు చిగురు వచ్చే ప్రమాదముంది.

ముందొచ్చిన పూత నిలవకపోవడానికి కారణం చలే. రాత్రులు బాగా చల్లగా ఉన్నప్పుడు పుప్పొడి సరిగా పనిచేయదు, పూత మీద వాలే ఈగలూ తేనెటీగలూ తక్కువ. పైగా మంచు పట్టిన గెలకు బూడిద తెగులు తేలిగ్గా అంటుతుంది. గెలల మీద తెల్లటి పొడి కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, పూలు విచ్చకముందే కొట్టండి. పూర్తిగా విచ్చిన పూత మీద ఏ మందూ కొట్టవద్దు. మామిడికి పరాగసంపర్కం చేసేది ఎక్కువగా ఈగలే, మందు ముందు చంపేది వాటినే. పూత మీద నీళ్ళు కూడా పెట్టకండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడులు మొదలుపెట్టండి.

ప్రశ్న: శనగ చేలో, కూరగాయల మళ్ళలో చలికాలం మొలిచే పప్పుకూర, గంగవాయిలి, చెంచలి ఏరుకొని వండుకుంటాం. పట్నంలో పెరిగిన మా కోడలికి ఏది కూరో, ఏది కలుపో తెలియడం లేదు. గుర్తులు చెప్పండి. (జహీరాబాద్)

జవాబు: జహీరాబాద్ వాళ్ళు మమ్మల్ని అడగడం తాతకు దగ్గులు నేర్పమన్నట్టుంది. సాగు చేయని కూరల గురించి మీ వైపు ఆడవాళ్ళకు తెలిసినంత మా దగ్గర లేదు. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పనికొచ్చే గుర్తులు రాస్తాం.

పప్పుకూర (కొన్ని చోట్ల చక్రవర్తి కూర అంటారు) లేత ఆకు వెనుక పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది, వేలితో రుద్దితే ఊడి వస్తుంది. ఇదే అసలు గుర్తు. ఆకు అంచు బాతు పాదంలా వంకరలు తిరిగి ఉంటుంది. పిండి లేకుండా ఆకు నిగనిగలాడుతూ, నలిపితే వెగటు వాసన వస్తే వదిలేయండి. పోల్చుకోలేక పొరబడేది ఎక్కువగా ఉమ్మెత్త మొలకతో. ఉమ్మెత్త కూడా ఈ మళ్ళలోనే, ఇదే సమయంలో మొలుస్తుంది, లేత ఆకుకు అలాగే వంకరలుంటాయి, కానీ పిండి ఉండదు, నలిపితే కంపు. ఉమ్మెత్త ఆకు కొంచెం కూరలో పడినా మతి తప్పుతుంది, నోరెండుతుంది, కంటిపాప విచ్చుకుంటుంది. అలా అయితే ఇంటి వైద్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

గంగవాయిలి నేల మీద పరుచుకుంటుంది, కాండం ఎర్రగా, ఆకు కండగా ఉంటుంది. దాని పక్కనే అదే తీరున పాకే నానబాలు జాతి మొక్కలుంటాయి. తుంచి చూడండి. నీళ్ళలాంటి రసం వస్తే గంగవాయిలి, తెల్లని పాలు వస్తే కూర కాదు. ఒక్కో కొమ్మా తుంచి చూసే అలవాటు కోడలికి మొదటి ఏడాదే నేర్పండి. చెంచలి కూర నిటారుగా, సన్నని కాండంతో పెరుగుతుంది, కొసన సన్నని గులాబీ రంగు కంకులు వస్తాయి. కంకి ముదిరితే పీచు, కాబట్టి కంకి పడకముందే కోయాలి.

ఎక్కడ కోయకూడదో ఇంకా ముఖ్యం. ఈ పంటకాలంలో కలుపు మందు కొట్టిన చేలో వద్దు. మందు కొట్టినా చావకుండా నిలిచిన మొక్క మంచిదని కొందరు అనుకుంటారు, అది తప్పు. యూరియా చల్లిన కొద్ది రోజులకే కోయొద్దు, ఆకుల్లో నైట్రేటు పేరుకుంటుంది. మురుగు కలిసే కాలువ ఒడ్డున పొన్నగంటి ఎంత నిగనిగలాడినా ముట్టుకోకండి. హైవే పక్కనా అంతే.

వండేటప్పుడు పప్పుకూరను మూడు నీళ్ళు మార్చి కడిగి, మరిగే నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పారబోసి పిండి, అప్పుడు పప్పులో వేయండి. ఆకులోని ఆక్సలేట్లు కొంత ఆ నీళ్ళతో పోతాయి. పావు కిలో ఆకు ఉడికితే గుప్పెడవుతుంది, ఒక గిన్నెడు కందిపప్పుకు ఆ మాత్రం సరిపోతుంది. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు పప్పుకూర, గంగవాయిలి రెండూ మానుకోవడం మంచిది.

ప్రశ్న: గట్టు మీద ముళ్ళ మొక్కకు అందమైన పసుపు పూలు వచ్చాయి. ఎండిన కాయల్లో గింజలు అచ్చం ఆవాల్లా ఉన్నాయి. పిల్లలు ఏరి ఆడుకుంటున్నారు. ప్రమాదమా? (నంద్యాల జిల్లా)

జవాబు: ప్రమాదమే. అది బలురక్కసి, కొందరు బ్రహ్మదండి అంటారు. ఆకు ఈనెల వెంట తెల్లటి చారలు, అంచున ముళ్ళు, కాండం విరిస్తే పసుపు పచ్చని పాలు. ఈ మూడూ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. గింజలు ఆవాల్లో కలిసి నూనె ఆడిస్తే కాళ్ళు వాచడం, ఆయాసం, గుండె దెబ్బతినడం జరుగుతుంది. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె తిని అరవై మందికి పైగా చనిపోయింది ఈ గింజ వల్లే. వేడి చేస్తే విషం పోతుందనుకోవద్దు.

సొంత చేలో ఆవాలు నూర్చుకునేవాళ్ళు గట్టు మీది బలురక్కసిని ఆవాలు పండకముందే తీసేయాలి. గింజ గింజా ఏరడం అయ్యే పని కాదు. భూతద్దంలో చూస్తే దాని గింజ మీద వలలాంటి గుంటలూ ఒక వైపు గీతలా ఉబ్బూ కనిపిస్తాయి గానీ, కిలో ఆవాల్లో అది ఎవరు చూస్తారు? తోలు చేతితొడుగులు వేసుకొని, పూత రాకముందు, గడ్డపారతో తల్లివేరును నేలకు రెండంగుళాల లోతున తెగ్గొట్టండి. పైన కోసేస్తే పక్కల నుంచి మళ్ళీ చిగురిస్తుంది. కాయ పట్టిన మొక్కను పెంటదిబ్బలో వేయొద్దు, గింజ ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. కాయలను విడిగా సంచిలో వేసి కాల్చేయండి.

ప్రశ్న: రథసప్తమికి జిల్లేడు ఆకులు కోస్తుంటే పాలు మా అత్తగారి కంట్లో పడ్డాయి. మంట లేదన్నారు కానీ మర్నాడు చూపు మసకగా ఉందన్నారు. కంగారు పడాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: పడాలి. ఆ ఉత్తరం మాకు చేరేలోపే మీరు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటారని ఆశ. జిల్లేడు పాలతో చిక్కే అది. నొప్పి పెద్దగా లేకుండానే నల్లగుడ్డు పొర నీరు పట్టి వాస్తుంది, అందుకే జనం తేలిగ్గా తీసుకుంటారు. పాలు పడిన వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు ధారగా శుభ్రమైన నీళ్ళతో కడగాలి, కన్ను నలపకూడదు, తల్లిపాలూ తేనె లాంటివి వేయకూడదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. సరైన చుక్కలు వేస్తే చాలామందిలో చూపు తిరిగి వస్తుంది. దుకాణంలో అడిగి ఏవో చుక్కలు మాత్రం కొనుక్కోకండి.

వచ్చే ఏడు ఆకులు కోసేవాళ్ళకు: తలకంటే ఎత్తున్న కొమ్మ వంచొద్దు, మొహం పక్కకు తిప్పి, కాడతో సహా కత్తెరతో కోసి, కోసిన కొసను బూడిదలో గానీ నీళ్ళలో గానీ ముంచండి. పాలు ఆగాక తుడిచి, తల మీద ఆకు పెట్టుకొనే ముందు కాడ కొస తుంచేసి మరోసారి కడగాలి. సబ్బుతో చేతులు కడిగేదాకా కళ్ళు ముట్టుకోవద్దు.

ప్రశ్న: వానాకాలంలో వయ్యారిభామ మీద పురుగులు కనిపించాయి, ఆకు తినేశాయి. చలికాలంలో అవి లేవు, మొక్క మళ్ళీ పూసింది. పురుగుల్ని ఎక్కడైనా తెచ్చి వదలాలా? (మహబూబ్‌నగర్)

జవాబు: ఇప్పుడు వదిలినా ఉపయోగం లేదు. ఆ మెక్సికన్ పెంకుపురుగును 1984లో బెంగళూరులో తొలిసారి వదిలారు. అది వానాకాలంలోనే చురుగ్గా తింటుంది. చలి మొదలయ్యాక మట్టిలోకి దిగి వచ్చే వానల దాకా నిద్రపోతుంది. చలికాలపు మొక్కను తినేవాడు ఎవడూ లేడు కాబట్టే అది ఇలా తెల్లగా విరబూస్తుంది. ఈ రోజుల్లో తీసేయాల్సింది మనమే. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందు, తొడుగులూ నిండు చేతుల చొక్కా వేసుకొని వేరుతో పీకండి. పూత రాని మొక్కను కంపోస్టులో వేయవచ్చు. పంట లేని ఖాళీ స్థలంలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండ పూట ఆకు తడిసేలా కొడితే మాడుతుంది, చేలో మాత్రం వద్దు, నేల చెడుతుంది. తొలకరికి ముందు ఆ స్థలంలో తగిరిస గింజలు ఒత్తుగా చల్లితే వయ్యారిభామ మొలకకు చోటు దొరకదు.

ప్రశ్న: డిసెంబరం పూల మొక్క గుబురుగా ఉంది, పూలు మాత్రం లేవు. (కడప)

జవాబు: అక్టోబరులో కత్తిరించి ఉంటారు. మొగ్గ కట్టే కొసలే పోయాయి. పూత అయ్యాక, ఫిబ్రవరి చివర, నేల నుంచి అడుగు ఎత్తుకు కత్తిరించండి. ఆగస్టు దాకా కొసలు గిల్లుతూ గుబురు చేయండి, సెప్టెంబరు నుంచి చేయి పెట్టకండి. యూరియా కూడా అప్పటి నుంచి ఆపేయండి. రోజుకు నాలుగైదు గంటలైనా ఎండ తగలాలి.

ప్రశ్న: డాలస్‌లో మా పెరట్లో బ్లూబానెట్ (ఇక్కడ వసంతంలో నీలంగా పూసే మొక్క) గింజలు అక్టోబరులో చల్లాం. జనవరి వచ్చింది, నేలకు అంటుకుని చిన్న చిన్న ఆకులే ఉన్నాయి. చచ్చిపోయాయా? లాన్ మనిషి కలుపనుకొని తీసేస్తానంటున్నాడు. (టెక్సస్ నుంచి)

జవాబు: చావలేదు, అలాగే ఉండాలి. ఆ మొక్క చలికాలమంతా నేలబారుగా చక్రంలా పరుచుకుని వేరు పెంచుకుంటుంది, మార్చిలో లేచి, నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా పూస్తుంది. ఒక కాడకు అరచేతి వేళ్ళలా సాధారణంగా ఐదు చిన్నాకులు, అంచున మెత్తటి నూగు ఉంటే మీదే. పక్కనే నాలుగు పలకల కాండంతో, గులాబీ ఊదా పూలతో ఇప్పుడే పూస్తున్నది వేరే కలుపు, దాన్ని తీసేయవచ్చు. ఫిబ్రవరిలో వాళ్ళు వేసే కలుపు మందు కలిసిన ఎరువును ఆ మూల పడనీయకండి, బ్లూబానెట్ కూడా వెడల్పాకు మొక్కే కాబట్టి అది కూడా పోతుంది.

పూత అయ్యాక వెంటనే గడ్డి కోయించవద్దు. కాయలు గోధుమ రంగుకు తిరిగి వాటంతటవి పగిలేదాకా, అంటే మే చివరి దాకా ఆగితే వచ్చే ఏటికి గింజ అక్కడే పడుతుంది. చల్లిన గింజల్లో కొన్ని మొదటి ఏడు మొలవవు, పైపొర గట్టిది. కొత్తగా చల్లేటప్పుడు గరుకు కాగితంతో కొంచెం రుద్ది రాత్రి నానబెడితే ఎక్కువ మొలుస్తాయి. చిక్కుడు జాతి కాయల్లా కనిపిస్తాయని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి, గింజలు విషం. ఏప్రిల్‌లో డాలస్ దగ్గరి ఎన్నిస్ ఊరి వైపు పూల మధ్య కూర్చొని ఫోటోలు దిగే మన కుటుంబాలు చాలా. కూర్చున్న చోట మొక్క నలిగితే గింజ కట్టదు, పైగా ఎర్ర చీమలూ పాములూ ఉంటాయి. బాట అంచునే నిలబడి దిగండి.

ప్రశ్న: వరి కోశాక మడిలో ఊదా రంగు చిన్న బంతుల్లాంటి పూలతో వాసన వేసే మొక్క బాగా వచ్చింది. మినుము చల్లి ఉన్నాం. ఉంచాలా? (తెనాలి దగ్గర నుంచి)

జవాబు: అది బోడసరం. కాండం అంచుల వెంట ఆకు రెక్కలా దిగి ఉంటుంది, నలిపితే ఘాటు వాసన. వరి మడి ఆరేటప్పుడు మిగిలిన తడికి మొలుస్తుంది, అదే తడి మీద మీ మినుమూ ఆధారపడి ఉంది. మినుము మొలిచిన మూడు నాలుగు వారాల లోపు చేత్తో పీకించండి. అప్పటికి వేరు పైపైనే ఉంటుంది, తేలిగ్గా వస్తుంది. బంతి ఊదా రంగుకు తిరిగాక పీకినవాటిని మడిలో వదలకుండా గట్టు మీద కుప్ప వేయండి. కూలీలు దొరక్క అంతా తీయించలేకపోతే, మినుము పలుచగా ఉన్న చోట్ల ముందు తీయించండి. మినుము దట్టంగా కమ్మేసిన చోట బోడసరం పెద్దగా ఎదగదు.